సూదిలో దారం ఎక్కించేటప్పుడు

కర్నూలు వన్‌టౌన్‌లో నాది చిన్న టైలరింగ్ షాపు. నిరుడు దసరా ముందు మిషన్ పక్కన అరవై జాకెట్లు కుప్పపడి ఉన్నాయి. ఒక రాత్రి గుండె దడదడలాడి, ఊపిరి అందక అక్కడే కూలబడ్డాను. ఈసీజీ తీశారు, అంతా నార్మల్. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నారు డాక్టరు. పండగ ముందు టైలరుకు చెప్పే మాటేనా అది!

మా వీధిలో రిటైరైన పీఈటీ సారు పొద్దున అయిదున్నరకు మిద్దె మీద యోగా నేర్పిస్తారు. 'శ్వాస మీద ధ్యాస' అన్న మాట మా ఊరికి కొత్త కాదు. పిరమిడ్ ధ్యాన గురువు పత్రీజీ ధ్యాన ప్రచారం మొదలుపెట్టింది ఇక్కడే. వినీ వినీ నేనే పట్టించుకోలేదు. ఆ రాత్రి తర్వాత సారు దగ్గర చేరాను.

కళ్లు మూసుకుంటే చాలు, ఎవరి చేతికి అరంగుళం వదలాలి, ఏ జాకెట్టుకు హుక్కులు మర్చిపోయాను, అన్నీ అప్పుడే గుర్తొచ్చేవి. సారుతో చెప్పాను. "ఆలోచనలు ఆపమని ఎవరన్నారమ్మా? మనసు ఎటో పోయిందని తెలియగానే మళ్లీ ముక్కు దగ్గరికి రా, అంతే" అన్నారు. అంతే అన్నంత సులభం కాదు.

నాకు పట్టు దొరికింది మకరాసనంలో. బోర్లా పడుకుని చేతుల మీద నుదురు ఆనిస్తే, ఊపిరి తీసినప్పుడల్లా పొట్ట చాపను నొక్కుతుంది. ఇన్నేళ్లూ నేను ఛాతీతో పైపైనే పీలుస్తున్నానని అప్పుడు తెలిసింది. తర్వాత నాలుగు లెక్కపెడుతూ తీసుకోవడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడమన్నారు సారు. నిజమే, తీసుకునేటప్పుడు నాడి కాస్త గబగబా కొట్టుకుంది, వదిలేటప్పుడు నిదానించింది. పద్మాసనం మాత్రం నా మోకాళ్ల వల్ల కాలేదు. కుర్చీలోనే కూర్చుంటాను.

రెండు నెలలకనుకుంటా, ఓ మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఊపిరి బిగబట్టి ఉన్నాను! దారం దూరేదాకా వదల్లేదు. ఇక అప్పటినుంచి చూసుకుంటే, కత్తెర పట్టినా అంతే. మెడ భాగం కత్తిరించేటప్పుడైతే మరీ. ఇరవై ఏళ్లుగా రోజుకు ఎన్నిసార్లు ఇలా బిగబట్టానో.

మొన్న సంక్రాంతి ముందు ఒకామె గుమ్మంలో నిలబడే అరిచింది. "ఎన్నిసార్లు తిరగల్లక్కా నీ షాపుకు?" నాలుక చివరిదాకా మాట వచ్చింది. ఊపిరి చూసుకుంటే ఛాతీలో బిగుసుకుని ఉంది. మెల్లగా వదిలి, "రేపు పొద్దున రామ్మా" అన్నాను.

రేపటికీ కాలేదనుకోండి. ఎల్లుండి ఇచ్చాను.