అన్నయ్య మౌనం
నాన్నగారు పోయిన పదకొండు రోజులూ నేనూ అమ్మా వచ్చినవారినల్లా పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాము. అన్నయ్య మాత్రం షామియానా, భోజనాలు, బ్యాంకు కాగితాలంటూ తిరుగుతూ ఒక్క కన్నీటిబొట్టు రాల్చకపోవడంతో, మగవారి మనసే అంతేమోనని లోలోపల నొచ్చుకున్నాను. పెద్దకర్మ ముగిసిన రాత్రి పెరట్లో నాన్నగారి పాత సైకిలు చైనుకు నూనె రాస్తూ అతడు వెక్కివెక్కి ఏడుస్తుంటే చూసి నిలువునా కదిలిపోయాను.

అమెరికా మనస్తత్వవేత్త జానెట్ హైడ్ 2005లో 46 మెటా విశ్లేషణలను (ఒకే అంశంపై జరిగిన అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూసే పరిశీలనలను) సమీక్షించి, స్త్రీపురుషుల మానసిక లక్షణాలలో అత్యధిక వ్యత్యాసాలు స్వల్పమో, దాదాపు శూన్యమో అని తేల్చారని తరువాత చదివాను. దుఃఖం ఇద్దరిదీ ఒక్కటే. "మగపిల్లాడివి, ఏడుస్తావేమిటి" అని చిన్నప్పుడు అతడిని ఊరుకోబెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోను చేసి, నాన్నగారి గురించి అతడు మాట్లాడేదాకా ఆగుతున్నాను.