అమ్మ బొంత

రాత్రి రెండయింది. పళ్ళు టకటకమంటున్నాయి. ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం, అది జరిగే వర్తీ ఫామ్‌లో మా టెంట్. జూన్ నెలాఖరే, పగలంతా మాడు పగిలే ఎండ. చీకటి పడ్డాక ఈ పొలంలో ఇంత చలి ఉంటుందనుకోలేదు.

అమ్మ కుట్టిన బొంతను బరువని రెండుసార్లు బ్యాగులోంచి తీసేశాను. బయల్దేరే ముందు మళ్ళీ కుక్కాను. ఇప్పుడు అదే కప్పుకుని ఉన్నా. ఆమె పాత చీరల అంచులు చేతికి తగులుతున్నాయి.

గాజు సీసాలు లోపలికి రానివ్వరని ఆవకాయను స్టీలు డబ్బాలోకి మార్చి తెచ్చాను. నీళ్ళకు ఒక్క సీసా చాలు, పంపుల దగ్గర ఉచితంగా నింపుకోవచ్చు. వాన బూట్లు, తలకి కట్టుకునే టార్చి మాత్రం మర్చిపోకండి. చీకట్లో టెంట్ల తాళ్ళు అసలు కనిపించవు.

నాలుగు జతల బట్టలు తెచ్చాను. రెండు మడత కూడా విప్పలేదు.

పక్కన స్నేహితురాలు పల్చటి జాకెట్‌లో ముడుచుకుని పడుకుంది. బొంత సగం తనకు కప్పాను.