ఈ గుడ్లను ఎవరూ పొదగరా?

మా ఇంటి అక్వేరియంలో కొత్తగా నాటిన మొక్క ఆకు అడుగున చిటికెన గోరంత జిగురు ముద్ద అంటుకుని ఉండడం మొదట చూసింది మా అమ్మాయి. భూతద్దం పెట్టి చూస్తే నీళ్లలా తేటగా ఉన్న ఆ జిగురులో ఇరవై దాకా బుడగలు, ఒక్కొక్క బుడగలో ఒక తెల్లని చుక్క కనిపించాయి. మేము ఏనాడూ నత్తను కొనలేదు. మొక్కతోపాటు గుడ్లో, కంటికి ఆనని పిల్లో వచ్చి ఉండాలి. ఈ రకం నత్తల్లో ఆడ, మగ లక్షణాలు రెండూ ఒకే ప్రాణిలో ఉంటాయి కనుక, జత లేకపోయినా ఒక్క నత్తే గుడ్లు పెట్టగలదు.

"నాన్నా, ఇవి ఎప్పుడు పొదుగుతాయి?" అని అడిగింది.

మాటలు తెలుగువే అయినా ఆలోచన బడిలో మాట్లాడే భాషలో పుట్టిందని వెంటనే అర్థమైంది. ఆ భాషలో తల్లి గుడ్లను పొదగడానికీ, గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడానికీ ఒకే మాట సరిపోతుంది. మనకు పొదగడం తల్లి చేసే పని, గుడ్డు చేసేది కాదు. అదే చెప్పి, "గుడ్లలోంచి పిల్లలు ఎప్పుడు వస్తాయి అని అడగాలమ్మా" అన్నాను. ఇలా దిద్దినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబుచ్చుకుని ఆ భాషలోకి వెళ్లిపోవడం కొన్నేళ్లుగా చూస్తున్నాను, అది నన్ను బాధపెడుతూనే ఉంది. ఈసారి మాత్రం ఆకు వైపే చూస్తూ, "అయితే వీటిని ఎవరూ పొదగరా?" అంది. నిజంగానే ఎవరూ పొదగరు. నత్త గుడ్లను అంటించి తన దారిన తాను పోతుంది, నీటి వెచ్చదనాన్ని బట్టి వారం, రెండు వారాల్లో పిల్లలు వాటంతట అవే బయటపడతాయి. నేను దిద్దిన మాట కళ్లెదుట ఉన్న ప్రాణి బతుకును చెప్పింది కాబట్టే ఆమెకు అది తప్పు పట్టడంలా అనిపించలేదని నా నమ్మకం.

నేను ముద్దను గీకి తీసేద్దామన్నాను, ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఒక్క ముద్దను ఉంచి, తర్వాత కనిపించినవి తీసేయాలనీ, చేపలకు మేత తగ్గించాలనీ అనుకున్నాం. నత్తలు విపరీతంగా పెరగడానికి అసలు కారణం మిగిలిపోయే మేత. రాగి ఉన్న మందుకు నత్తలు చస్తాయి కానీ, మా రొయ్యలూ బతకవు. తీసిన వాటిని బయట చెరువులోనో కాలువలోనో వేయకూడదని కూడా చెప్పాను, ఎందుకంటే పరాయి నీటిలో పడిన నత్తలు అక్కడి ప్రాణుల తిండిని, చోటును ఆక్రమించగలవు.

కొన్ని రోజులకు తెల్లని చుక్కలు గోధుమరంగుకు తిరిగి, బుడగల్లోనే మెల్లగా గుండ్రంగా తిరగసాగాయి. బయటికి వచ్చిన పిల్లలు కాస్త ఎదిగాక, ఖాళీగా దొరికిన ఒక గుల్లను మొన పైకి, నోరు మన వైపుకు వచ్చేలా పట్టుకోమన్నాను. నోరు ఎడమ పక్కన ఉంటే ఒక రకం, కుడి పక్కన ఉంటే ఇంకో రకం. తెలుగులో ఎడమ, కుడి ఎప్పుడూ తారుమారు చేసే పిల్ల, గుల్లను వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, ముందు తన ఎడమ చేతిని ఒకసారి ఎత్తి, "ఎడమ" అంది.

నిన్న అద్దం మీద ఇంకో ముద్ద కనిపించింది. వాళ్ల తమ్ముడికి చూపిస్తూ, దీన్ని తీసేయాలని తానే చెబుతోంది.