పాత పెళ్ళి క్యాసెట్లో గళ్ళు పడుతున్నాయా? గళ్ళ తీరు చూడండి

2000ల్లో మన వైపు తీసిన పెళ్ళి వీడియోలు చాలామటుకు మినీ డీవీ క్యాసెట్లలోనే ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్లోకి దించుకుందామని డెక్‌లో (క్యాసెట్ ఆడించే మిషన్‌లో) పెడితే తెర నిండా గళ్ళు. అంతమాత్రాన క్యాసెట్ పోయిందని చెత్తబుట్టలో వేయొద్దు. తప్పు టేపుదా, హెడ్‌దా (టేపును చదివే భాగం), వైరుదా అన్నది ఆ గళ్ళు పడే తీరే చెప్పేస్తుంది.

ముందు డెక్‌ను నేరుగా టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి ఫైల్‌లో మాత్రమే చెడితే తప్పు వైరుదో కంప్యూటర్‌దో. టీవీలోనే చెడితే, వెనక్కి తిప్పి అదే చోటు మళ్ళీ వేయండి. ప్రతిసారీ అక్కడే గళ్ళు పడితే టేపు నలిగింది, లేదా పూత లేచింది. ఒకోసారి ఒకోచోట పడుతుంటే హెడ్ వైపు చూడాలి.

హెడ్ మూసుకుపోతే గుర్తు స్పష్టంగా ఉంటుంది. మన దేశంలో వాడే పాల్ అనే వీడియో పద్ధతిలో ఒక్కో ఫ్రేము టేపు మీద 12 ట్రాకులుగా పడుతుంది. ఒక్కో ట్రాకులో బొమ్మలోని 48 గీతల ఎత్తున్న అడ్డపట్టీ ఉంటుంది. గిర్రున తిరిగే డ్రమ్ము మీద ఉన్న రెండు హెడ్‌లు ఒక ట్రాకు విడిచి ఒక ట్రాకు చదువుతాయి. ఒక హెడ్ మూసుకుపోయిందంటే ఆరు పట్టీలు కదులుతుంటాయి, మధ్యమధ్యలో ఆరు పట్టీలు పాత బొమ్మతో నిలిచిపోతాయి. పెళ్ళికూతురి ముఖం కదులుతుంది, మెడలో దండ కదలదు. ఈ తీరు కనిపిస్తే టేపును అనుమానించే పనే లేదు.

మొదట పొడి క్లీనింగ్ క్యాసెట్ వేయండి. 5 నుంచి 10 సెకన్లు తిప్పితే చాలు. రీవైండ్ చేయకూడదు, అదే పనిగా నాలుగైదు సార్లు వేయకూడదు, అది హెడ్‌ను అరగదీస్తుంది. దాంతో పోకపోతే కరెంటు తీసేసి, మూత విప్పి, చేత్తో తుడవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందులషాపు స్పిరిట్‌లో నీళ్ళు కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. దూది పుల్ల కూడా వద్దు, పోగులు హెడ్‌కు చిక్కుకుంటాయి. మెత్తటి షామీ తోలు చుట్టిన పుల్లను తడిపి డ్రమ్ము అంచుకు కదలకుండా ఆనించి, డ్రమ్మును పైనుంచి వేలితో మెల్లగా తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ ఆడించారంటే హెడ్ చిప్పు విరుగుతుంది, ఇక ఆ డెక్ అంతే. తుడిచాక పావుగంట ఆరనివ్వండి.

బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పాలిష్ యంత్రాల దగ్గర ఉండేవాళ్ళు డెక్‌ను గుడ్డ కప్పి అల్మారాలో పెట్టాలి. రాతిపొడి గుడ్డతో తుడిస్తే పోయే దుమ్ము కాదు, టేపును గీరేస్తుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన వెంటనే డెక్ ఆన్ చేసినా డ్రమ్ముకు చెమ్మ పట్టి టేపు అతుక్కుంటుంది. కనీసం గంట ఆగండి.

ఎల్‌పీలో, అంటే టేపును నెమ్మదిగా నడిపి ఎక్కువసేపు పట్టించే పద్ధతిలో తీసిన క్యాసెట్ల సంగతి వేరు. మామూలు పద్ధతి అయిన ఎస్‌పీలో ట్రాకు వెడల్పు 10 మైక్రాన్లు, ఎల్‌పీలో 6.7 మాత్రమే. 60 నిమిషాల క్యాసెట్‌లో 90 నిమిషాలు పట్టించడానికి అట్లా చేసేవాళ్ళు. అవి తీసిన కెమెరాలోనే బాగా ఆడతాయి, వేరే డెక్‌లో గళ్ళు పడొచ్చు. వాటికోసం డెక్ లోపల టేపును నడిపించే గైడ్‌లను స్క్రూడ్రైవర్‌తో తిప్పితే మిగతా క్యాసెట్లేవీ సరిగా ఆడవు.

ఇక కంప్యూటర్ వైపు. డెక్ నుంచి వీడియో కంప్యూటర్‌లోకి ఫైర్‌వైర్ అనే కనెక్షన్ ద్వారా వస్తుంది. ఒక కొన యూఎస్‌బీ, ఒక కొన ఫైర్‌వైర్ ఉన్న చవక వైరు కొనొద్దు, ఆ రెండూ మాట్లాడే భాషే వేరు. ఫైర్‌వైర్ కార్డు ఉండాల్సిందే. ఆరు పిన్నుల కొనలో కరెంటు కూడా వస్తుంది, తిరగేసి గుచ్చితే పోర్టు కాలిపోతుంది, అందుకే డెక్, కంప్యూటర్ రెండూ ఆఫ్ చేసి కలపండి. విండోస్ 10లో డెక్ కనిపించకపోతే డివైస్ మేనేజర్‌లో 1394 కార్డుకు (ఫైర్‌వైర్‌కే ఇంకో పేరు) లెగసీ, అంటే పాత డ్రైవర్ వేస్తే చాలాసార్లు కుదురుతుంది. హెచ్‌డీవీ డెక్ (హెచ్‌డీ వీడియో క్యాసెట్లు కూడా ఆడించేది) అయితే మెనూలో వీసీఆర్ మోడ్, ఐ-లింక్ (ఫైర్‌వైర్) సెట్టింగులు క్యాసెట్‌కు తగినట్టు ఉన్నాయో లేదో చూడండి.

క్యాప్చర్ (వీడియో దించడం) ఖచ్చితంగా 19, 20 నిమిషాల దగ్గర ఆగిపోతుంటే టేపు తప్పు కాదు. డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంది, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చండి. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోటికి తీసిపెట్టుకోండి. గంటకు 13 జీబీ లెక్కన జాగా చూసుకోండి. దించేముందు క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చుకుంటే చుట్ల బిగువు సరి అవుతుంది.

2009 అక్టోబరు వరదలో కర్నూలులో నీళ్ళలో మునిగిన క్యాసెట్లు ఇంకా మీ ఇంట్లో ఉంటే, అవి పైకి ఎంత ఎండినట్టున్నా డెక్‌లో పెట్టొద్దు. లోపల చుట్ల మధ్య బురద గట్టిపడి ఉంటుంది. ఒక్క నిమిషం తిరిగినా హెడ్ పోతుంది, దాంతో మిగతా మంచి క్యాసెట్లు చూసుకునే దారీ పోతుంది. ఎండలో పెట్టడం, జుట్టు ఆరబెట్టే మిషన్ పెట్టడం కూడా తప్పే. విడిగా కవర్లో వేసి పేరు రాసి, టేపును శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్ళకే ఇవ్వండి.