ద్వీపవాసులు చేసిన ఉపచారం

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చివర పౌలు ప్రయాణిస్తున్న ఓడ బద్దలైపోతుంది. 276 మంది ప్రాణాలతో ఒడ్డుకు చేరతారు. ఈత వచ్చినవాళ్లు ఈదుకుంటూ, రానివాళ్లు పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని. ఆ ద్వీపం పేరు మెలితే (నేటి మాల్టా) అని తర్వాత తెలుస్తుంది. అప్పుడు లూకా రాసిన మాట ఇది: "ఆ ద్వీపవాసులు మాకు చేసిన ఉపచారము ఇంతంత కాదు. ఏలాగనగా అప్పుడు వర్షము కురియుచు చలిగా ఉన్నందున వారు నిప్పురాజబెట్టి మమ్మును అందరిని చేర్చుకొనిరి" (28:2).

మనం ఈ వచనం దగ్గర ఎక్కువసేపు ఆగం. వెంటనే మూడో వచనంలో పౌలు చేతిని పట్టే పాము వస్తుంది, ప్రసంగమంతా దాని చుట్టూ తిరుగుతుంది. నేనూ చిన్నప్పటి నుంచి ఈ అధ్యాయం మీద విన్న వాక్యమంతా దాదాపు పాము గురించే. అయితే ఈ జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, గుంటూరులో జరిగిన ఒక చిన్న కూడికలో రెండో వచనం మీద ఒక పూట గడిచింది. వచ్చినవాళ్లందరూ ఒకప్పుడు నికోబార్ దీవుల్లో పరిచర్య చేసి తిరిగొచ్చిన మనవాళ్లు. తెనాలి వైపు టీచర్ దంపతులు, బాపట్ల నుంచి ఒక నర్సమ్మ, రిటైరైన పాస్టర్ అయ్యగారు, అమ్మగారు, ఇంకొందరు. చాలామంది జుట్టు నెరిసింది. కొందరు ఒకరినొకరు చూసుకుని ఎన్నో ఏళ్లయింది.

అంత దూరం వెళ్లడమంటే ఏమిటో ఇక్కడ కూర్చుంటే మనకు తెలియదు. విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఓడ ఎక్కితే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరడానికి రెండు మూడు రోజులు. అక్కడి నుంచి దక్షిణంగా ఇంకో 270 కిలోమీటర్ల దూరంలో కార్ నికోబార్. మధ్యలో పది డిగ్రీల కాలువ అనే సముద్ర భాగం. సముద్రం బాగోకపోతే ఓడ రాదు, అంతే. ఆ దీవుల ఆదిమ జాతుల రక్షణ కోసం 1956లో చేసిన చట్టం ఉంది కాబట్టి బయటివాళ్లు పాస్ లేకుండా అడుగు పెట్టడానికి వీల్లేదు. అది ఉండాల్సిన చట్టమే అని అయ్యగారు గట్టిగా చెప్పారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

పౌలు, బర్నబా అంతియొకయకు తిరిగొచ్చాక సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమకు తోడై ఉండి చేసిన కార్యాలన్నీ వివరించారని 14వ అధ్యాయంలో ఉంది. మన కూడికల్లో సాక్ష్యాలు చెప్పే పద్ధతి అక్కడిదే. ఎన్ని గ్రామాలు తిరిగాం, ఎన్ని బాప్తిస్మాలు, ఎన్ని మందిరాలు, ఇలా లెక్క చెబుతాం. ఆ రోజు మాత్రం ఆ టీచర్ గారు లేచి, "నేను అక్కడ ఏం చేశానో చెప్పను, వాళ్లు నాకేం చేశారో చెబుతాను" అన్నారు. దాంతో కూడిక దారే మారిపోయింది.

ఆయన చెప్పింది తుహెత్ గురించి. నికోబారీల ఉమ్మడి కుటుంబాన్ని తుహెత్ అంటారు. కొబ్బరి తోటలు, పందులు అన్నీ తుహెత్‌వే, ఒక్కరివి కావు. ఓడ రాక ఆయనింట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో పక్కనున్న తుహెత్ పెద్ద ఒక్క మాట కూడా అడగకుండా తమ వంటలో వీళ్ల వంతూ కలిపేశాడట. కేవడా (మొగలి జాతి) పండు ఉడికించి తీసిన గుజ్జు, చేపలు, కొబ్బరి. "మాస్టారూ, మీ పిల్లలు మా పిల్లలతో చదువుతున్నారు కదా, తినడం మాత్రం వేరేగా ఎందుకు?" అన్నాడట. నర్సమ్మ తనకు జ్వరం వచ్చిన రాత్రుల సంగతి చెప్పింది. పగలు ఆమె ఎవరికి మందులిచ్చిందో ఆ అవ్వే రాత్రుళ్లు వచ్చి పక్కన కూర్చునేదట.

తర్వాత 2004 డిసెంబర్ 26. అది ఆదివారం, క్రిస్మస్ మర్నాడు. సునామీ కార్ నికోబార్ తీరంలోని ఊళ్లను తుడిచిపెట్టేసింది. ఆ సంగతి వచ్చేసరికి అమ్మగారు ఎక్కువ చెప్పలేకపోయారు. తమ పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎత్తు ప్రాంతానికి పరిగెత్తిన మనిషి తన సొంత తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడని మాత్రం చెప్పి కూర్చున్నారు. హాల్లో ఎవరం మాట్లాడలేదు. అయ్యగారు ఇంకొకటి జోడించారు: సునామీ తర్వాత పరిహారం తుహెత్‌కు కాకుండా విడివిడి కుటుంబాలకు ఇచ్చారని, దాంతో ఉమ్మడి బతుకులో చీలికలొచ్చాయని. దాని కోసం ఆయన ఇప్పటికీ ప్రార్థిస్తారు.

ఇంటికొచ్చి 28వ అధ్యాయం మళ్లీ చదివాను. మొదటి పది వచనాల్లో పౌలు మెలితేలో చేసిన ఒక్క ప్రసంగం కూడా లూకా రాయలేదు. పౌలు అక్కడ బోధించలేదని నేననను. మూడు నెలలున్నాడు, ఊరుకునే మనిషి కాదు. కానీ పరిశుద్ధాత్మ మన కోసం భద్రపరచినవి వేరు: వాళ్లు వేసిన మంట, ఆ మంట కోసం పౌలు ఏరిన పుల్లలు, ద్వీప ముఖ్యుడు పొప్లి మూడు రోజులు చేసిన ఆతిథ్యం, జ్వరంతో రక్తభేదితో పడి ఉన్న పొప్లి తండ్రి మీద పౌలు చేతులుంచి చేసిన ప్రార్థన, బయలుదేరే రోజున ద్వీపవాసులు ఓడలో పెట్టిన వస్తువులు. ముందు వాళ్లు చేర్చుకున్నారు. స్వస్థత ఆ తర్వాత. అపొస్తలుడు ఆ ద్వీపంలో మొదట చేసింది చలి కాచుకోవడం, వాళ్ల మంటలోకి నాలుగు పుల్లలు వేయడం. సేవకుడికి ఇంతకంటే మంచి ప్రారంభం ఏముంటుంది!

కార్ నికోబార్ సంఘ చరిత్ర కూడా ఇలాగే కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివర్లో వేదప్పన్ సొలొమోను అనే తమిళ సువార్తికుడు వెళ్లి ముస్ గ్రామంలో పిల్లలకు చదువు చెప్పారు. ఆ పిల్లల్లో ఒకడు హాచెవ్కా. బర్మాలో చదువుకుని తిరిగొచ్చి, జాన్ రిచర్డ్‌సన్‌గా కొత్త నిబంధనను తన భాషలోకి తెచ్చాడు, బిషప్ అయ్యాడు, 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. బయటి నుంచి వచ్చినాయన ఒక చిన్న బడి పెట్టారు. దాన్ని సంఘంగా నిలబెట్టింది ఆ నేల మీద పుట్టినవాళ్లే.

గుంటూరులో కూర్చుని ఇది మరిచిపోవడం ఎలా? 1842 జూలై 31న అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఈ ఊరు చేరినప్పుడు ఆయనకిది భూమికి అవతలి అంచు. కలెక్టర్ స్టోక్స్ దొర ఆదరించారని మన చరిత్రలో ఉంది. హయ్యర్ ఆ తర్వాత గురజాల దాకా వెళ్లారనీ ఉంది. 1883లో వచ్చిన అమెరికా మిషనరీ డాక్టర్ కుగ్లరమ్మ కట్టిన ఆసుపత్రి గురించీ చదువుకున్నాం. ఆ ఎండల్లో వాళ్లకు మజ్జిగ ఇచ్చిందెవరు? తెలుగు పలకడం నేర్పిందెవరు? కుగ్లరమ్మ పక్కన నిలబడి రోగుల మాట ఆమెకూ, ఆమె మాట రోగులకూ చెప్పిన మన ఆడవాళ్లెవరు? వాళ్ల పేర్లు పుస్తకాల్లో తక్కువ. పరలోకంలో మాత్రం చన్నీళ్ల గిన్నె కూడా లెక్కలో ఉంటుందని ప్రభువే చెప్పాడు.

ఆ రోజు భోజనాలకు ముందు వాళ్లు ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే పలికి ప్రార్థన చేశారు: ముస్, మలక్కా, పెర్కా, కిన్మాయ్, సవాయ్, అరోంగ్, కకానా. తమ సేవ కోసం కాదు, తమకు అన్నం పెట్టిన ఇళ్ల కోసం. ఆ పేర్లు మీ ప్రార్థన పుస్తకంలోనూ రాసుకోండి. మీ సంఘానికి దూరప్రాంతం నుంచి ఎవరైనా సేవకులు వస్తే, ఎంతమంది మారారని అడిగే ముందు అక్కడ మిమ్మల్ని ఎవరు చేర్చుకున్నారని అడగండి. వాళ్లు చెప్పే పేర్లు కూడా అదే పేజీలో రాయండి.