డీఈఏ పేరుతో ఫోన్ వస్తే

అమెరికాలో ప్రాక్టీస్ చేస్తున్న మన డాక్టర్లకు, నర్స్ ప్రాక్టిషనర్లకు, ఫార్మసిస్టులకు డీఈఏ (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) పేరుతో వచ్చే ఈ మోసపు ఫోన్ ఇంచుమించు ఒకే మూసలో ఉంటుంది. మొదటివాడు స్టేట్ మెడికల్ బోర్డు ఇన్వెస్టిగేటర్‌నంటాడు. మీ లైసెన్సు మీద డ్రగ్స్ రవాణా జరిగిందని చెప్పి లైను ‘డీఈఏ ఏజెంటు’కి కలుపుతాడు. ఆ రెండోవాడు బ్యాడ్జి నంబరు చెప్పి, మీ ఎన్‌పీఐ (వైద్య సిబ్బందికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు), లైసెన్సు నంబరు గడగడా అప్పజెబుతాడు. ఫోన్‌లో కనిపించే నంబరు వెతికితే అది డీఈఏ ఆఫీసుదే అని తేలుతుంది.

చాలామంది నమ్మేది ఇక్కడే. కానీ ఇందులో రహస్యం ఏదీ లేదు. ఎన్‌పీఐ రిజిస్ట్రీ ఎవరైనా చూడొచ్చు. లైసెన్సు నంబరు స్టేట్ బోర్డు వెబ్‌సైట్లో దొరుకుతుంది. కాలర్ ఐడీని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. డీఈఏ నంబరు (కంట్రోల్డ్ మందులు, అంటే చట్టం నియంత్రించే మందులు రాయడానికి డీఈఏ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) అలాంటి మందు రాసిన ప్రతి ప్రిస్క్రిప్షన్ మీదా ఉంటుంది. పైగా ఆ నంబరు సరైన రూపంలో ఉందో లేదో చూసే లెక్క బహిరంగమే. ఏబీ1234563 తీసుకోండి: 1, 3, 5 కలిపితే 9; 2, 4, 6 కలిపి రెట్టింపు చేస్తే 24; మొత్తం 33, అందులో చివరి అంకె 3, అదే ఏడో అంకె. రెండో అక్షరం సాధారణంగా ఇంటిపేరు మొదటి అక్షరం. కాబట్టి లెక్కకు సరిపోయే నంబరు చెప్పినంత మాత్రాన వాడు ఏజెంటు అయిపోడు.

తర్వాత ఫ్యాక్స్‌లోనో ఈమెయిల్‌లోనో సీలుతో ఒక కాగితం వస్తుంది: లైసెన్సు సస్పెన్షన్, ‘ఫెడరల్ బాండ్’ అనే పూచీకత్తు డబ్బు, ఎవరికీ చెప్పకూడదన్న షరతు. వైర్ ట్రాన్స్‌ఫరో, గిఫ్ట్ కార్డులో అడుగుతారు. ఆ ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నమాటే మోసానికి అన్నిటికంటే పెద్ద గుర్తు. లాయరుతో మాట్లాడొద్దనే హక్కు ఏ ఏజెంటుకీ లేదు. వీసా మీద ఉన్నవాళ్లను ‘డిపోర్ట్ చేస్తాం’ అని కూడా బెదిరిస్తారు. ఆ భయంలోనే లాయరు సంగతి గుర్తుకు రాదు.

అసలు పద్ధతి ఇలా ఉండదు. రిజిస్ట్రేషన్ రద్దు చేయాలంటే డీఈఏ ‘ఆర్డర్ టు షో కాజ్’ (ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమనే నోటీసు) రాతపూర్వకంగా ఇస్తుంది, విచారణ కోరడానికి 30 రోజులుంటాయి. ప్రజలకు ప్రమాదముందనుకుంటే వెంటనే సస్పెండ్ చేయగలదు, అదీ కాగితం మీదే. తనిఖీకి వచ్చే డైవర్షన్ ఇన్వెస్టిగేటర్లు (మందులు దారి మళ్లుతున్నాయేమో చూసే డీఈఏ అధికారులు) గుర్తింపు కార్డు చూపించి ఫారం 82 నోటీసు ఇస్తారు. ఫోన్లో డబ్బు అడగడమన్నది ఇందులో ఏ దశలోనూ లేదు.

ఫోన్ వస్తే వాదించకండి, పెట్టేయండి. వాళ్లిచ్చిన నంబరుకి కాకుండా డీఈఏ వెబ్‌సైట్లో దొరికే మీ ప్రాంత ఆఫీసుకి, బోర్డుకి మీరే ఫోన్ చేయండి. పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఓటీపీ చెప్పొద్దు. వాడు ‘లైన్లోనే ఉండండి’ అంటే అది మీరు ఇంకెవరినీ అడగకుండా ఉండడానికే.

డబ్బు వెళ్లిపోయిందా? మొదటి ఫోన్ బ్యాంకుకి, వైర్ రీకాల్ (పంపిన డబ్బు వెనక్కి రప్పించడం) కోసం. గంటలు గడిచేకొద్దీ డబ్బు వేరే ఖాతాలకు జారిపోతుంది. గిఫ్ట్ కార్డులైతే కార్డూ రసీదూ పారేయకుండా ఆ కంపెనీకి ఫోన్ చేయాలి. తర్వాత ఎఫ్‌బీఐ వారి ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3లో, డీఈఏ ఆన్‌లైన్ ఫారంలో ఫిర్యాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు చెప్పేసి ఉంటే ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మీ పేరు మీద కొత్త అప్పులు తీసుకోకుండా ఆపడం) చేయండి, దీనికి రుసుము లేదు. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది: మీ పేరు మీద ఎవరైనా మందులు రాశారేమో స్టేట్ పీడీఎంపీలో (కంట్రోల్డ్ మందుల ప్రిస్క్రిప్షన్లు నమోదయ్యే డేటాబేస్) చూసుకోవాలి. మీ రాష్ట్రంలో సొంత ప్రిస్క్రిప్షన్ల రిపోర్టు ఇస్తుంటే ఒక్కసారితో ఆపకుండా కొన్ని నెలలపాటు తీసి చూడండి.

క్లినిక్ అయితే ఈ ఫోన్ ముందు ఎత్తేది ఫ్రంట్ డెస్క్. డాక్టరు సెల్ నంబరు ఇవ్వకుండా, అవతలివాళ్ల పేరు, ఆఫీసు, కేసు నంబరు రాసుకుని పెట్టేయమని డెస్క్ సిబ్బందికి చెప్పి ఉంచండి.