ఒత్తిడి మొదట నోట్లోనే బయటపడింది

నాకు వచ్చిన జబ్బు పేరు నెక్రోటైజింగ్ జింజివైటిస్, అంటే చిగురు కణజాలం చచ్చిపోయే చిగుళ్ళవాపు. పళ్ళ మధ్య మొనదేలి ఉండాల్సిన చిగురు కొనలు తోడేసినట్టు గుంటలు పడ్డాయి. వాటి మీద బూడిదరంగు పొర, బ్రష్ తగలకముందే రక్తం, భరించలేని వాసన. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకు తరచూ రావడంతో దీన్ని ‘ట్రెంచ్ మౌత్’ అనేవాళ్ళు. సిగరెట్, నిద్రలేమి, పోషకాహార లోపం, తీవ్ర ఒత్తిడి, రోగనిరోధక శక్తి తగ్గడం దీనికి దారితీస్తాయి. అందుకే డాక్టర్లు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాస్తారు, అది మామూలే. నా విషయంలో తేలినవి ఒత్తిడి, నిద్రలేమి.

ఈ జబ్బు చేసే ఫ్యూసోబ్యాక్టీరియా, ప్రివోటెల్లా, స్పైరోకీట్లు అనే క్రిములు బయటినుంచి ఊడిపడవు, పంటిపాచిలో ముందునుంచే ఉంటాయి. ఒత్తిడి వాటికి చోటు అనుకూలంగా మారుస్తుంది, అంతే. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే లాలాజలం ఆమ్లాన్ని విరుస్తుంది, క్రిములను కడిగేస్తుంది. ఆందోళనలో అది తగ్గి చిక్కబడుతుంది. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువకాలం పైస్థాయిలో ఉంటే చిగుళ్ళను కాపాడే తెల్లకణాల పని మందగిస్తుంది. పైగా అలసటలో రాత్రి బ్రష్ చేయడం ఎగ్గొడతాం. దీన్ని చిన్న కారణంగా తీసేయకూడదు.

చికిత్సలో అసలు పని ఆ పొరనూ పాచినీ తీయడమే. చిగురుకు మత్తిచ్చి, అల్ట్రాసోనిక్ పరికరంతో పైపైన శుభ్రం చేస్తారు, లోతైన స్కేలింగ్ నొప్పి తగ్గాక. ఇంట్లో మెత్తని బ్రష్, 0.2% క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ. నిమిషంపాటు, రోజుకు రెండుసార్లు. పేస్టు వాడిన అరగంట తర్వాతే పుక్కిలించాలి, లేదంటే పేస్టులోని నురగ పదార్థం మందును పనిచేయనివ్వదు. రెండు వారాలు దాటి సొంతంగా కొనసాగిస్తే పళ్ళ మీద గోధుమ మరకలు పడతాయి, రుచి కూడా మారుతుంది. జ్వరం, గ్రంథుల వాపు ఉంటే మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ రాస్తారు. సాధారణంగా 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. ఆ రోజుల్లో మద్యం ముట్టకూడదు.

నోరు కుదుటపడుతుంటే కడుపు మొదలుపెట్టింది: ఉబ్బరం, పలుచటి విరేచనాలు. మెట్రోనిడజోల్ ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియాను చంపుతుంది, పెద్దపేగులో అత్యధికం అవే. దానికి ఒత్తిడి తోడయింది. ఒత్తిడిలో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, పెద్దపేగు మాత్రం తొందరపడుతుంది. పీచును పులియబెట్టి పేగుగోడకు ఆహారమైన బ్యూటిరేట్ తయారుచేసే బ్యాక్టీరియాకు సమయం చాలదు. ఇక నోర్‌ఎడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ కలిపితే పేగులో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుందని ప్రయోగశాలలో చూశారు.

ఇక్కడ నాకు పనికొచ్చింది ఇసబ్గోల్ అనే పీచు పొట్టు. ఒక చెంచాతో మొదలుపెట్టి, వారానికోసారి కొంచెం పెంచాలి. నిండు గ్లాసు నీళ్ళలో కలిపిన వెంటనే తాగాలి, ఆలస్యమైతే గడ్డకట్టి గొంతుకు అడ్డం పడుతుంది. మిగతా మందులకు దీనికి రెండు గంటల ఎడం ఉండాలి. ఒక్కసారే ఎక్కువ పీచు తింటే ఉబ్బరం పెరుగుతుంది. ప్రోబయోటిక్ మాత్రల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఏ రకం ఎవరికి పనిచేస్తుందో మాత్రను బట్టి మారుతుంది, ఆపేశాక చాలామటుకు పేగులో నిలవవు.

ఒత్తిడి వైపు: రోజూ ఒకే వేళకు లేవడం, పడుకునే ముందు నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదిలే శ్వాస పది నిమిషాలు. పగలు నోరెండినప్పుడు గుక్కెడు నీళ్ళు, చక్కెర లేని చూయింగ్ గమ్. తీపి పానీయాలు గుటకలుగా తాగుతూ గడపడం అన్నిటికంటే చేటు.

విరేచనంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, బరువు తగ్గడం, జ్వరం ఉంటే దాన్ని ఒత్తిడి ఖాతాలో వేయకుండా పరీక్ష చేయించాలి. యాంటీబయోటిక్ తర్వాత విరేచనాలు ఉధృతమైతే పేగులో విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కోసం మలపరీక్ష అడగండి. చిగురు కొనలు మాత్రం నాకు పూర్తిగా తిరిగి పెరగలేదు. ఆ సందుల్లో ఆహారం ఇరుక్కుంటుంది కాబట్టి సందుకు సరిపడే సైజు ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజుకోసారి, రాత్రిపూట.